అధ్యక్షుడి లెక్కల పుస్తకం ఎవరు చూడొచ్చు?



ఈసారి మన వలస కథలు పక్కన పెట్టి కొంచెం దూరం పోదాం, అమెరికాకు. మన సభ్యుల్లో చాలామంది పిల్లలు అక్కడే ఉన్నారు కాబట్టి అక్కడి వార్త మనకు పక్కవీధి వార్తలాగే ఉంటుంది. 2019 నుంచి 2022 దాకా "ట్రంప్ టాక్సు కాగితాలు" అని టీవీలో ఎన్నోసార్లు విన్నాం. కానీ ఏ కోర్టు, ఏ కాగితం, ఎవరు అడిగారు, ఎవరు ఆపారు అనేది అంతా కలగాపులగం అయిపోయింది. నేను రిటైరయిన రైల్వే గుమాస్తాను. చదివింది తమిళ మీడియంలో అయినా, ఇంట్లో అమ్మ దిద్దించిన తెలుగు అక్షరాలు చేతిలో ఉన్నాయి. తేదీల వారీగా రాసి పెట్టుకునే అలవాటూ ఉంది. అలా రాసుకున్నదాన్నే ఇక్కడ పెడుతున్నాను.

ముందే ఒక మాట. ఇది ట్రంప్ గారిని పొగడటానికీ కాదు, తిట్టటానికీ కాదు. నాకు కావలసినవి రెండు ప్రశ్నలు. పదవిలో ఉన్న పెద్దమనిషి డబ్బు లెక్కలు చూపించమని అడిగే హక్కు ఎవరికి ఉంది? ఆ హక్కు ఉందని కోర్టు చెప్పాక కూడా కాగితం చేతికి రావటానికి ఎంతకాలం పడుతుంది? మొదటి ప్రశ్న గురించే అందరూ మాట్లాడతారు. రెండోదే అసలుదని నా అభిప్రాయం. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

1807: మొదటి తాఖీదు

కథ రెండు వందల ఏళ్ళ కిందట మొదలవుతుంది. 1807లో ఆరన్ బర్ అనే మాజీ ఉపాధ్యక్షుడి మీద రాజద్రోహం కేసు నడిచింది, వర్జీనియాలోని రిచ్మండ్ ఊళ్ళో. నా మీద జనరల్ విల్కిన్సన్ అధ్యక్షుడికి రాసిన ఉత్తరం నాకు కావాలి, అది చూడకుండా నేను ఎలా వాదించుకోవాలి అని బర్ అడిగాడు. అప్పటి అధ్యక్షుడు థామస్ జెఫర్సన్. కేసు విన్నది ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్. ఇద్దరూ దూరపు చుట్టాలే, కానీ ఒకరంటే ఒకరికి పడదు.

మార్షల్ గారు జెఫర్సన్ పేరున తాఖీదు పంపించారు. ఇంగ్లీషులో దీన్ని సబ్‌పీనా అంటారు. ఫలానా కాగితం తెచ్చి కోర్టు ముందు పెట్టు అనే ఆజ్ఞ. రాజుకు, అధ్యక్షుడికి తేడా ఉంది అన్నది మార్షల్ తర్కం. రాజు పుట్టుకతో రాజు. అధ్యక్షుడు జనంలోంచి వచ్చి, గడువు తీరాక మళ్ళీ జనంలోకే పోతాడు. కాబట్టి చట్టం అతనికీ వర్తిస్తుంది. జెఫర్సన్ కోర్టుకు రాలేదు, ఊరూరి కోర్టులకూ తిరుగుతూ కూర్చుంటే పరిపాలన ఎవరు చేస్తారు అన్నారు. కానీ కాగితాలు పంపించారు. బర్ నిర్దోషిగా బయటపడ్డాడు.

ఇది డబ్బు లెక్కల కేసు కాదు. అయినా తరువాత వచ్చిన ప్రతి కేసులోనూ లాయర్లు ఈ 1807 నుంచే మొదలుపెట్టారు. పునాదిరాయి ఇది.

1924: నూనె కుంభకోణం, ఒక చిన్న చట్టం

రెండో మెట్టు హార్డింగ్ అధ్యక్షుడి కాలంలో. వయోమింగ్ రాష్ట్రంలో టీపాట్ డోమ్ అని ఒక చోటు. నౌకాదళం కోసం దాచిపెట్టిన చమురు నిల్వ అది. ఆల్బర్ట్ ఫాల్ అనే మంత్రి ఆ నిల్వలను ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చాడు. డబ్బు తీసుకుని ఇచ్చాడని తరువాత బయటపడింది. 1929లో శిక్ష పడింది. మంత్రి పదవిలో చేసిన నేరానికి అమెరికాలో జైలుకు పోయిన మొదటి మనిషి ఆయనే.

విచారణ చేస్తున్న వాళ్ళకు ఒక అడ్డం వచ్చింది. ఎవరి పన్ను రిటర్ను చూడాలన్నా అధ్యక్షుడి అనుమతి కావాలి. ప్రభుత్వంలోని వాళ్ళ మీదే విచారణ చేస్తూ, తాళంచెవి కోసం ఆ ప్రభుత్వాధినేత దగ్గరికే పోవాలా? అందుకని 1924లో ఒక చట్టం చేశారు. పార్లమెంటులో పన్నుల వ్యవహారం చూసే కమిటీలు (అక్కడి పార్లమెంటును కాంగ్రెస్ అంటారు, మన కాంగ్రెస్ పార్టీ అనుకోవద్దు) ఎవరి రిటర్నునైనా నేరుగా తెప్పించుకోవచ్చు. అధ్యక్షుడి అనుమతి అక్కరలేదు. ఈ చిన్న చట్టాన్ని గుర్తు పెట్టుకోండి. 95 ఏళ్ళ తరువాత ఇది నిద్ర లేచి కూర్చుంటుంది.

అదే గొడవలో ఇంకో మంత్రి తమ్ముడు మాలీ డాహర్టీ అనే బ్యాంకు అధ్యక్షుణ్ణి బ్యాంకు కాగితాలతో సహా రమ్మని సెనేట్ పిలిచింది. రానన్నాడు. మనిషిని పంపించి పట్టుకున్నారు. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. చట్టాలు చేసే సభకు, ఆ పనికి అవసరమైన సమాచారం తెప్పించుకునే అధికారం కూడా ఉందని 1927లో తీర్పు వచ్చింది. అయితే ఈ అధికారానికి ఒక గిరి కూడా ఉంది. చట్టం చేసే పనికి సంబంధం ఉండాలి. ఊరికే ఒకరి గుట్టు బయటపెట్టాలని తాఖీదు ఇవ్వకూడదు. 1881లోనూ, 1957లోనూ వేరే కేసుల్లో సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది.

రైల్వే ఆఫీసులో ఎవరైనా ఫైలు అడిగితే మేము మూడు చూసేవాళ్ళం. అడిగేది ఎవరు, ఏ రూలు కింద, దేనికోసం. రెండు వందల ఏళ్ళ అమెరికా కోర్టు తీర్పులు చదివితే ఈ మూడు ప్రశ్నలే తిరిగి తిరిగి వస్తాయి.

1973: నిక్సన్ కట్టిన పన్ను

నిక్సన్ అంటే వాటర్‌గేట్ అని అందరికీ తెలుసు. ఆయన పన్ను కథ చాలామందికి తెలియదు.

1973 అక్టోబరులో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరం పత్రిక ఒక వార్త వేసింది. ఏడాదికి 2,00,000 డాలర్ల జీతం తీసుకునే అధ్యక్షుడు 1970లో కట్టిన ఆదాయపు పన్ను 792 డాలర్ల 81 సెంట్లు. 1971లో 878 డాలర్ల 3 సెంట్లు. ఒక మామూలు ఉద్యోగి కట్టేంత. ఆ సమాచారం పన్నుల శాఖ లోపలినుంచి చట్టవిరుద్ధంగా బయటికి వచ్చింది. జనం మండిపడ్డారు. నేను మోసగాణ్ణి కాదు అని నిక్సన్ చెప్పిన ప్రసిద్ధమైన మాట ఉంది కదా, అది 1973 నవంబరులో పత్రికా సంపాదకుల ముందు తన సొంత డబ్బు సంగతి మాట్లాడుతూ అన్నదే.

డిసెంబరులో ఆయనే తన రిటర్నులు బయటపెట్టి, పార్లమెంటు పన్నుల ఉమ్మడి కమిటీని చూసి చెప్పమన్నారు. కమిటీ గుమాస్తాలు కూర్చుని ప్రతి కాగితమూ తిరగేశారు. నిక్సన్ ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పటి కాగితాలను ప్రభుత్వ భాండాగారానికి దానం చేసినట్టు, వాటి విలువ 5,76,000 డాలర్లు అన్నట్టు చూపించి పన్ను తగ్గించుకున్నారు. అలాంటి దానానికి మినహాయింపు 1969 జులై 25తో ఆగిపోయింది. దానపత్రం మీద తేదీ మాత్రం 1969 మార్చి. అసలు సంతకం పెట్టింది 1970లో! వెనక తేదీ వేశారన్నమాట. గుమాస్తాగిరి చేసిన వాళ్ళకు ఈ విద్య కొత్త కాదు. సిరా, ముద్ర, సంతకం అన్నీ సరిగానే ఉంటాయి, తేదీ ఒక్కటే అబద్ధం చెబుతుంది.

1974 ఏప్రిల్‌లో కమిటీ లెక్క తేల్చింది. వడ్డీతో కలిపి 4,76,431 డాలర్లు బాకీ. అదే ఏడాది జులై 24న సుప్రీంకోర్టు, టేపుల కేసులో, ఎనిమిది మంది ఏకమై నిక్సన్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఆగస్టు 9న ఆయన పదవి వదిలారు.

ఈ గొడవ తరువాత నాలుగు మార్పులు వచ్చాయి. 1976లో పన్ను రిటర్నుల రహస్యాన్ని చట్టం గట్టిగా బిగించింది, కానీ పన్నుల కమిటీలకున్న 1924 నాటి హక్కును అలాగే ఉంచింది. 1977 నుంచి అధ్యక్షుడి రిటర్నును పన్నుల శాఖ ప్రతి ఏడాదీ తప్పకుండా ఆడిట్ చేయాలని శాఖ లోపల నియమం పెట్టుకున్నారు. 1978లో ఆస్తులు, అప్పులు తెలిపే పత్రం ఇవ్వాలని చట్టం చేశారు. నాలుగోది, అధ్యక్షులూ అభ్యర్థులూ తమ రిటర్నులు తామే బయటపెట్టటం ఆచారమైంది.

చివరిదాన్ని గమనించండి. అది చట్టం కాదు, ఆచారం. ఇంటి పెద్దలు పాటిస్తున్నంతకాలం ఆచారం చట్టంకంటే గట్టిగా కనిపిస్తుంది. ఒక్కరు నేను పాటించను అంటే అడగటానికి ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

2019: మూడు తాఖీదులు, ఒక కరణం

2016 ఎన్నికల్లో డొనాల్డ్ ట్రంప్ తన రిటర్నులు చూపించలేదు. ఆడిట్ నడుస్తోంది, అయ్యాక చూద్దాం అన్నారు. గెలిచాక కూడా చూపించలేదు. 2019 జనవరిలో ప్రతినిధుల సభ డెమొక్రాట్ల చేతికి వచ్చింది. అప్పుడు మూడు దారుల్లో తాఖీదులు బయలుదేరాయి. టీవీలో మూడింటినీ కలిపి చూపించటంవల్లే మనకు అయోమయం. విడివిడిగా చూద్దాం.

మొదటి దారి. 2019 ఏప్రిల్ 3న పన్నుల కమిటీ అధ్యక్షుడు రిచర్డ్ నీల్, 1924 చట్టం ప్రకారం ట్రంప్ ఆరేళ్ళ రిటర్నులు పంపమని పన్నుల శాఖకు ఉత్తరం రాశారు.

రెండో దారి. ఏప్రిల్ 15న సభలోని పర్యవేక్షణ కమిటీ మజార్స్ అనే ఆడిటర్ల సంస్థకు తాఖీదు ఇచ్చింది. 2011 నుంచి 2018 వరకు ట్రంప్ లెక్కలు కావాలని. అంతకు ముందు ఫిబ్రవరిలో ట్రంప్ పాత లాయరు మైకేల్ కోహెన్ ఆ కమిటీ ముందుకొచ్చి, అప్పు కావాలంటే ఆస్తి విలువ పెంచి చూపిస్తారు, పన్ను తగ్గాలంటే తగ్గించి చూపిస్తారు అని సాక్ష్యం చెప్పాడు. ఏప్రిల్ నెలలోనే ఇంకో రెండు కమిటీలు డాయిష్ బ్యాంకుకూ క్యాపిటల్ వన్ బ్యాంకుకూ తాఖీదులు పంపాయి.

మూడో దారి. ఆగస్టు 29న న్యూయార్క్ మన్‌హాటన్ జిల్లా ప్రాసిక్యూటర్ సైరస్ వాన్స్, గ్రాండ్ జూరీ తరఫున మజార్స్‌కే ఇంకో తాఖీదు ఇచ్చారు. గ్రాండ్ జూరీ అంటే నేరం జరిగిందా, కేసు పెట్టాలా అని రహస్యంగా తేల్చే పౌరుల బృందం. ఇది పార్లమెంటు విచారణ కాదు, నేర విచారణ.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. తాఖీదులు ట్రంప్‌కు పోలేదు, ఆయన లెక్కలు రాసేవాళ్ళకు పోయాయి. ఆంధ్ర పల్లెల్లో కరణం, మా తమిళనాట కణక్కుపిళ్ళై, కన్నడ దేశంలో శానుభోగులు, మరాఠీ దేశంలో కులకర్ణి. పేరు ఏదైనా ఊరి లెక్క ఆయన చేతిలో ఉండేది. మజార్స్ అలాంటి కరణం అనుకోండి. కోర్టు చెబితే ఇస్తాం, చెప్పకపోతే ఇవ్వం అని ఆ సంస్థ పక్కన నిలబడింది. దాంతో ట్రంప్ తన సొంత ఆడిటర్ల మీదే దావా వేయవలసి వచ్చింది. అందుకే కేసు పేరు ట్రంప్ వర్సస్ మజార్స్.

కింది కోర్టుల్లో ట్రంప్ వరసగా ఓడిపోయారు. మజార్స్ కేసులో 2019 మే 20న తీర్పిచ్చిన జడ్జి అమిత్ మెహతా, మన గుజరాత్‌లోని పాటన్‌లో పుట్టినవారు. అప్పీలులో అక్టోబరు 11న ఇద్దరు జడ్జీలు కమిటీ పక్షం, ఒకరు వ్యతిరేకం. ఆ ఒకరి పేరు నియోమి రావు. రావు అని చూసి మన తెలుగువాళ్ళేమో అనుకునేరు, ఆమె తల్లిదండ్రులు భారతదేశం నుంచి వెళ్ళిన పార్సీలు. ఆమె వాదం కొట్టిపారేయదగ్గది కాదు. అధ్యక్షుడు తప్పు చేశాడని అనుమానం ఉంటే అభిశంసన అనే దారి రాజ్యాంగంలోనే ఉంది, చట్టం చేస్తున్నామనే పేరుతో ఆ విచారణ చేయకూడదు అన్నారామె.

వాన్స్ కేసులో ట్రంప్ లాయర్లు ఇంకా పెద్ద మాట అన్నారు. పదవిలో ఉన్నంతకాలం అధ్యక్షుడి మీద కేసు పెట్టటమే కాదు, విచారణ కూడా చేయకూడదు అని. అప్పీలు కోర్టులో జడ్జి డెనీ చిన్ ఒక ప్రశ్న వేశారు. అధ్యక్షుడు న్యూయార్క్ ఐదో అవెన్యూ మధ్యలో నిలబడి ఒకణ్ణి కాల్చినా స్థానిక పోలీసులు ఏమీ చేయలేరా? పదవిలో ఉన్నంతవరకు చేయలేరు అన్నదే లాయరు జవాబు. ఆ జవాబు విన్నాక కేసు ఎటు పోతుందో చాలామందికి అర్థమైపోయింది.

2020 జులై 9: ఒకేరోజు రెండు తీర్పులు

కరోనా కాలం కాబట్టి సుప్రీంకోర్టు 2020 మే 12న ఫోనులోనే వాదనలు విన్నది. జులై 9న రెండు కేసుల్లోనూ తీర్పు. రెండూ రాసింది ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్. రెండింటిలోనూ ఏడుగురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు.

వాన్స్ కేసులో ట్రంప్ ఓడిపోయారు. మార్షల్ నుంచి నిక్సన్ దాకా, 1997లో క్లింటన్ కేసు దాకా వరస పెట్టి చెప్పి, నేర విచారణలో సాక్ష్యం ఇవ్వవలసిన బాధ్యత అందరిదీ, అధ్యక్షుడిదీ అని తేల్చారు. అధ్యక్షుడికి పూర్తి మినహాయింపు ఉందని తొమ్మిది మందిలో ఒక్కరూ ఒప్పుకోలేదు. ట్రంప్ నియమించిన ఇద్దరు జడ్జీలు కూడా ఒప్పుకోలేదు. నాకు ఇది గొప్పగా అనిపించింది. నియమించిన వాడి ఉప్పు తిన్నట్టు కాకుండా తీర్పు ఇవ్వటం ఏ దేశంలోనూ చిన్న సంగతి కాదు.

మజార్స్ కేసులో మాత్రం ఎవరూ పూర్తిగా గెలవలేదు. సభ అడిగే హక్కు ఉంది, కానీ ఒక సభ ఇంకో పెద్ద పదవితో పోటీపడే సందర్భం ఇది కాబట్టి జాగ్రత్తగా తూచాలి అన్నారు. నాలుగు పరీక్షలు పెట్టారు. ఈ సమాచారం వేరే చోట దొరకదా? అవసరానికి మించి అడుగుతున్నారా? ఏ చట్టం కోసమో వివరంగా చూపించారా? అధ్యక్షుడి పనికి ఎంత భారం? ఇవన్నీ కింది కోర్టు మళ్ళీ చూడాలి అని వెనక్కి పంపారు.

వెనక్కి పంపటం! ఆఫీసుల్లో పనిచేసిన వాళ్ళకు ఈ మాట బరువు తెలుసు. ఫైలు మీద ఎవరూ కాదనరు. మళ్ళీ పరిశీలించి పంపండి అంటారు. అంతే, ఏడాది పోయిందన్నమాట.

కాగితం ఎప్పుడు వచ్చింది?

ఇప్పుడు నా రెండో ప్రశ్నకు వద్దాం.

వాన్స్ తాఖీదు 2019 ఆగస్టు 29. సుప్రీంకోర్టులో గెలిచినా, ట్రంప్ లాయర్లు వేరే కారణాలతో మళ్ళీ కోర్టుకు పోయారు. మళ్ళీ జిల్లా కోర్టు, మళ్ళీ అప్పీలు, మళ్ళీ సుప్రీంకోర్టు. ఆఖరికి 2021 ఫిబ్రవరి 22న ఒకే ఒక్క వాక్యం ఆజ్ఞతో అడ్డు తొలగింది. దాదాపు ఏడాదిన్నర. మధ్యలో 2020 ఎన్నికలు అయిపోయాయి, ట్రంప్ పదవి దిగిపోయారు కూడా. ఆ విచారణలో 2021 జులైలో ట్రంప్ కంపెనీ మీద, దాని ఆర్థికాధికారి మీద కేసు పెట్టారు. 2022 డిసెంబరులో కంపెనీ పన్ను మోసానికి దోషి అని జూరీ తేల్చింది. 16 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఆ కేసులో ట్రంప్ ముద్దాయి కాదు.

మజార్స్ దగ్గరికి పోయిన పర్యవేక్షణ కమిటీ తాఖీదు 2021లో ఒకసారి, 2022 జులైలో ఒకసారి కోర్టుల్లో కుదించుకుపోయి, 2022 సెప్టెంబరులో రాజీతో ముగిసింది. మూడున్నరేళ్ళు. ఈలోగా ఆ ఏడాది ఫిబ్రవరిలో కరణమే చేతులెత్తేశాడు. 2011 నుంచి 2020 దాకా ట్రంప్ ఆస్తుల పత్రాలను ఎవరూ నమ్ముకోవద్దని మజార్స్ ఉత్తరం రాసి, ఆ పని వదిలేసింది.

ఇక 1924 చట్టం సంగతి. ఎవరి రిటర్ను అయినా కమిటీ రాతపూర్వకంగా అడిగితే ఖజానా మంత్రి ఇవ్వవలసిందే అని అందులో స్పష్టంగా ఉంది. అయినా ఇవ్వమని 2019 మేలో మంత్రి స్టీవెన్ మ్నూచిన్ జవాబు రాశారు. చట్టం చేసే నిజమైన ఉద్దేశం కనబడటం లేదు అన్నది కారణం. జులైలో కమిటీ దావా వేసింది. కేసు నడుస్తూనే ఉంది, ప్రభుత్వం మారింది, 2021 జులైలో అదే న్యాయశాఖ ఇప్పుడు ఇవ్వాలి అన్నది. ట్రంప్ అడ్డు వేశారు. 2021 డిసెంబరులో జిల్లా కోర్టు, 2022 ఆగస్టులో అప్పీలు కోర్టు కమిటీ పక్షం చెప్పాయి. 2022 నవంబరు 22న సుప్రీంకోర్టు ఆపటానికి నిరాకరించింది.

ఉత్తరం రాసింది 2019 ఏప్రిల్ 3. అడ్డు తొలగింది 2022 నవంబరు 22. మూడేళ్ళ ఏడు నెలల పైన. అప్పటికి ఆ కమిటీకి మిగిలింది ఆరు వారాలు. 2023 జనవరి 3న సభ రిపబ్లికన్ల చేతికి పోతుంది. గబగబా చూసి, డిసెంబరు 20న ఓటు వేసి, 30న రిటర్నులు బయటపెట్టారు.

అందులో ఏముంది? 2016లోనూ 2017లోనూ ఆయన కట్టిన ఆదాయపు పన్ను 750 డాలర్లు చొప్పున. 2018లో సుమారు 10 లక్షల డాలర్లు. 2020లో సున్నా. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. వ్యాపార నష్టాలను తరువాతి ఏళ్ళ ఆదాయంలో తగ్గించుకోవటం చట్టం ఒప్పుకునేదే. పన్ను తక్కువగా ఉన్నంతమాత్రాన నేరం అనలేం.

నా కళ్ళు ఆగిపోయింది వేరే చోట. 1977 నియమం ప్రకారం అధ్యక్షుడి రిటర్నును ప్రతి ఏడాదీ ఆడిట్ చేయాలి కదా? ట్రంప్ పదవిలో మొదటి రెండేళ్ళు ఆ తప్పనిసరి ఆడిట్ మొదలే కాలేదని కమిటీ కనిపెట్టింది. నీల్ ఉత్తరం వచ్చాకే మొదలైంది, అది కూడా పూర్తి కాలేదు. అంటే ఆడిట్ నడుస్తోంది కాబట్టి చూపించను అని బయట చెబుతుంటే, లోపల చేయవలసిన ఆడిట్ జరగనే లేదు. ఆ ఆడిట్‌ను నియమంగా కాక చట్టంగా చేయాలని ప్రతినిధుల సభ డిసెంబరులో ఒక బిల్లు ఆమోదించింది. సెనేట్ తీసుకోలేదు. గడువుతోపాటు బిల్లూ పోయింది.

ఒకవేళ 2019లోనే కాగితాలు వచ్చి ఉంటే ఆ బిల్లుకు మూడేళ్ళు దొరికేవి. ఆడిట్ ఎందుకు జరగలేదని పన్నుల శాఖను పిలిచి అడగటానికి టైము ఉండేది. కోర్టులో ఓడిపోతూనే ట్రంప్ వైపు గెలిచింది ఇక్కడే. హక్కు లేదని ఏ కోర్టూ అనలేదు. హక్కు ఉన్నది అని అందరూ చెబుతూ ఉండగానే దాని అవసరం తీరిపోయింది.

రెండో వైపు కూడా చూడాలి. లోపలినుంచి దొంగతనంగా కాగితాలు బయటికి రావటం న్యాయమా? 2020 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ ట్రంప్ పన్ను వివరాలు వేసింది. ఆయన రిటర్నులు పత్రికకు చేరవేసిన పన్నుల శాఖ కాంట్రాక్టు ఉద్యోగికి 2024 జనవరిలో ఐదేళ్ళ జైలు పడింది. అతను ఇంకా వేలమంది ధనవంతుల వివరాలు కూడా బయటికి ఇచ్చాడు. ఆ శిక్ష నాకు సమ్మతమే. ఈరోజు అధ్యక్షుడి రిటర్ను బయటపడితే బాగుందనుకుంటాం, రేపు నా రిటర్నో మీ రిటర్నో బయటపడితే? తలుపు తీయవలసింది తాళంచెవితో, గోడకు కన్నం వేసి కాదు. కానీ తాళంచెవి ఉన్నవాణ్ణి నాలుగేళ్ళు గుమ్మంలో నిలబెడితే కన్నం వేసేవాళ్ళు పుడతారు. నిక్సన్ కాలంలోనూ అదే జరిగింది.

మన సంగతి

మన దేశంలో ఎలా ఉంది అని అడుగుతారు. 2002 మే 2న మన సుప్రీంకోర్టు, ఎన్నికల్లో నిలబడే అభ్యర్థి ఆస్తులు, అప్పులు, కేసులు జనానికి తెలియాలి అన్నది. పార్లమెంటు దాన్ని తగ్గించబోతే 2003 మార్చిలో కోర్టు మళ్ళీ నిలబెట్టింది. అందువల్ల ఇవాళ శాసనసభకో పార్లమెంటుకో నామినేషను వేసేవాళ్ళ అఫిడవిట్టు ఎవరైనా చదవొచ్చు. అసలు ఐటీ రిటర్ను మాత్రం వ్యక్తిగత సమాచారమని, పెద్ద ప్రజాప్రయోజనం ఉంటే తప్ప సమాచార హక్కు కింద ఇవ్వనక్కరలేదని 2012లో అదే కోర్టు చెప్పింది. అమెరికాలో ఆచారానికి వదిలేసినదాన్ని మన దగ్గర కొంతవరకు రూలులోకి తెచ్చారు. ఆ అఫిడవిట్టులో రాసింది నిజమా కాదా అని చూసేది ఎవరు అన్నది మన బలహీనత.

సంఘాలకు కూడా అధ్యక్షులు ఉంటారు. మాట ఒకటే కాబట్టి చెబుతున్నాను. కర్ణాటకలోనో ఒడిశాలోనో యానాంలోనో మన తాతలు పైసా పైసా కూడబెట్టి స్థలం కొని కట్టిన సత్రాలు, కల్యాణ మండపాలు, హాస్టళ్ళు ఉన్నాయి. వాటి నిబంధనల పుస్తకంలో సభ్యుడు లెక్కలు చూడొచ్చు అని రాసి ఉండటం మొదటి మెట్టే. ఎవరికి దరఖాస్తు పెట్టాలి, ఎన్నాళ్ళలో చూపించాలి, చూపించకపోతే ఏమవుతుంది, ఈ మూడూ రాసి లేకపోతే ఆ హక్కు గోడమీద పటంలాగే ఉంటుంది. 1924 చట్టంలో ఇవ్వవలసిందే అని రాశారు, ఎన్నాళ్ళలో అని రాయలేదు. ఆ ఒక్క లోటుకు మూడేళ్ళ ఏడు నెలలు ఖర్చయింది.

అడిగేవాళ్ళకూ ఒక మాట. మజార్స్ తీర్పులోని నాలుగు పరీక్షలు అడిగేవాళ్ళ కోసమే. పగ తీర్చుకోవటానికి పదేళ్ళ రసీదులన్నీ తెమ్మంటే ఏ పెద్దమనిషీ ఒప్పుకోడు. ఫలానా ఏడాది, ఫలానా ఖర్చు, ఫలానా కారణం అని రాసి అడిగితే కాదనటం కష్టం.

మీ ఊరి సంఘం నిబంధనల పుస్తకం ఒకసారి తీసి చూడండి. లెక్కలు చూపించటానికి గడువు ఎన్ని రోజులని ఉంది? కింద రాయండి. గడువు ఉన్న సంఘాలు ఎన్నో, లేనివి ఎన్నో చూసి, వచ్చే సర్వసభ్య సమావేశానికి ఒక తీర్మానం ముసాయిదా తయారు చేద్దాం.